సర్వపిండికి ఊరేది?

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు పెద్దలు. అంటే రుచుల గురించి కొట్లాడుకోకండర్రా, ఎవరి నోరు వారిది అని కదా అర్థం! కానీ ఆ సామెత చెప్పిన పెద్దలే విస్తరి ముందు కూర్చుంటే, "ఇదేం పప్పుచారమ్మా, పప్పుచారంటే మా ఊళ్ళో తాగాలి" అనకుండా లేవరు. నలుగురు తెలుగువాళ్ళు ఒకచోట చేరితే రాజకీయాల మీద ఒక పూట వాదించి ఊరుకుంటారు. బిర్యానీ ఎక్కడ బాగుంటుందన్న మాట వచ్చిందంటే మాత్రం ఆ సభకు ముగింపు ఉండదు.

ఇందులో ఒక చిక్కు ఉంది. రుచి నిజంగా ఎవరిది వారిదే అయితే ఇంత వాదన ఎందుకు? నాకు నీలం రంగు ఇష్టం, మీకు పసుపు ఇష్టం అంటే మనం వాదించుకోం కదా! పోనీ, వాదించి తేల్చుకోవలసిన నిజం ఏదో అందులో ఉందనుకుందాం. మరి తరతరాలుగా తేలదేం?

పోయిన మాఘమాసంలో జనగామలో మా బంధువులింట పెళ్ళి జరిగింది. అమెరికా నుంచి ఇద్దరు పిల్లలు వచ్చారు. ఒకడు న్యూయార్క్‌లో ఉంటాడు, ఒకడు షికాగోలో. విడిదింట్లో వీళ్ళిద్దరికీ పిజ్జా దగ్గర మాట పట్టింపు వచ్చింది. పిజ్జా అంటే పల్చగా ఉండాలి, చేత్తో మడిచి నడుస్తూ తినాలి అంటాడు న్యూయార్క్ వాడు. అది అప్పడం గానీ పిజ్జా కాదు, లోతైన పళ్ళెంలో అంచులు ఎత్తుగా కట్టి, లోపల చీజు, టమాటా దట్టంగా నింపి కాల్చిందే పిజ్జా అంటాడు షికాగో వాడు. మధ్యలో, ఆఫీసు పని మీద ఇటలీ వెళ్ళి వచ్చిన ఒక మేనకోడలు దూరి, "మీ ఇద్దరివీ కావు, నేపుల్స్‌లో తినని వాళ్ళకు మాట్లాడే హక్కే లేదు" అని తీర్పు చెప్పేసింది.

పెళ్ళికొడుకు నాయనమ్మ చాలాసేపు విని, "ఏందిరా గంత లొల్లి? ఆ పిజ్జా అంటే ఏంది?" అని అడిగింది. పిండి తట్టి, మీద నాలుగు రకాలు చల్లి, పొయ్యిలో కాలుస్తారని చెప్పారు. "గంతేనా? మన సర్వపిండే గదరా. పొయ్యి మారింది" అని ఆవిడ తేల్చి పారేసింది.

అక్కడితో పిజ్జా పక్కకు పోయింది. అసలు యుద్ధం అప్పుడు మొదలైంది.

వరుసకు నాకు యారాళ్ళయ్యే ముగ్గురు అక్కడున్నారు. ఒకావిడది జనగామ, ఒకావిడది మహబూబాబాద్, చిన్నావిడది భూపాలపల్లి. సర్వపిండి అంటే మా జనగామదే, పల్చగా తట్టి నువ్వులు దండిగా వేస్తే విరిచినప్పుడు టప్పుమనాలి అంది పెద్దావిడ. "గది చెక్కలు చేసుకున్నట్టున్నది గని సర్వపిండి ఎట్లయితదక్కా? పచ్చిమిరపకాయ, ఎల్లిపాయ నూరి పిండిల కలపాలె, ఉల్లాకు సన్నగ కోసి వెయ్యాలె, నోరు భగ్గుమనాలె" అంది మహబూబాబాద్ ఆవిడ. ఆనిగెపుకాయ తురిమి వేసి మందంగా చేస్తే దూదిలా ఉంటుంది, ఆ మెత్తదనం మీకేం తెలుసంది చిన్నావిడ. పేరులోనూ ఒప్పందం లేదు. ఒకరు తపాలచెక్క అంటారు, ఒకరు సర్వప్ప అంటారు, ఇంకొకరు గిన్నప్ప అంటారు.

ఈ పేర్లు చూశారూ? తపాలా, సర్వా, గిన్నే, అన్నీ పాత్రల పేర్లే. పిండిని బట్టి గానీ, ఊరిని బట్టి గానీ ఎవరూ పేరు పెట్టలేదు. ఇంట్లో ఏ పాత్ర ఉంటే దాని అడుగున, పక్కలకు పిండి తట్టారు, ఆ పాత్ర పేరే పెట్టుకున్నారు. ఇత్తడి పనికి పేరుపడ్డ పెంబర్తి జనగామకు కూతవేటు దూరంలోనే ఉంది కదా, సర్వపిండి కూడా మాదే అని పెద్దావిడ ఒక ఆధారం చూపించింది. ఆవిడ వంటింట్లో సర్వపిండి చేసేది మాత్రం సిల్వర్ గిన్నెలో. ఆ మాట నేను అనలేదు, పెళ్ళిల్లు కదా అని.

కాస్త నిదానంగా చూస్తే మూడు పద్ధతులకూ మూడు కారణాలు కనిపిస్తాయి. జనగామావిడ కొడుకులు హైదరాబాదు హాస్టళ్ళలో ఉండి చదివారు. రైల్లో పంపిన సర్వపిండి మూడు రోజులు చెడకుండా ఉండాలంటే అందులో తడి ఉండకూడదు, పల్చగా కరకరలాడాలి. మహబూబాబాద్ ఆవిడ ఇంటి చుట్టూ మిరప తోటలు. ఎండలో మిరపకాయ ఏరే కూలీలకు మధ్యాహ్నం పెరుగన్నంలోకి నంజుకోవడానికి కావాలి, అందుకని కారం దండిగా పడాలి. భూపాలపల్లి ఆవిడ భర్త సింగరేణి బొగ్గుబాయిలో పని చేశాడు. పొద్దున్నే షిఫ్టుకు పోతూ డబ్బాలో పెట్టుకుపోయింది తినే వేళకు రాయిలా బిగుసుకోకూడదు, అందుకని ఆనిగెపుకాయ. ఎవరి సర్వపిండి వాళ్ళ ఇంటి మనిషి రోజును బట్టి తయారైంది. ఈ మూడింట్లో ఏది గొప్పదంటే, హాస్టల్ పిల్లవాడా, మిరప కూలీనా, బొగ్గుబాయి కార్మికుడా, ఎవరి ఆకలి గొప్పదని అడిగినట్టే.

అయితే అన్నీ సమానమే, ఎవరిది వారికి గొప్ప అని చేతులు దులుపుకోవచ్చునా? అంత సులభంగా నేను ఒప్పుకోలేను. మధ్యలో పచ్చిగా, అంచున మాడిపోయి ఉన్న సర్వపిండిని మీ ముందు పెట్టి, జిహ్వకో రుచి అని నేను సామెత చెబితే మీరు ఊరుకుంటారా? బాగున్నదీ, బాగులేనిదీ అనే తేడా ఉంది. ఉంది గనకనే వంట నేర్చుకుంటాం, నేర్పుతాం, పాడైతే బాధపడతాం.

డేవిడ్ హ్యూమ్ అనే స్కాట్లండు తత్వవేత్త 1757లో రుచి గురించి ఒక వ్యాసం అచ్చువేశాడు. బి.ఏ.లో మాకు పాఠం చెప్పినాయన అందులోంచి ఒక కథ చెప్పేవారు. డాన్ క్విక్సోట్ నవలలోంచి హ్యూమ్ తీసుకున్న కథ అది. ఇద్దరు చుట్టాలను పిలిచి ఒక పీపాలో ద్రాక్షసారా రుచి చూడమన్నారు. బాగుంది గానీ కాస్త తోలు వాసన ఉందన్నాడు ఒకడు. బాగుంది గానీ ఇనుము రుచి తగులుతోందన్నాడు రెండోవాడు. అందరూ నవ్వారు. చివరకు పీపా ఖాళీ చేసి చూస్తే అడుగున తోలుతాడు కట్టిన తాళంచెవి ఒకటి దొరికింది! కాబట్టి నాలుకకు దొరికే నిజం అంటూ ఒకటి ఉంటుంది, అది అలవాటున్న నాలుకకు దొరుకుతుంది అంటాడు హ్యూమ్. పాత పల్లీ ఒక్కటి పడ్డా పట్టేసే నాలుకలు మన ఇళ్ళల్లోనూ ఉన్నాయి. మా అత్తమ్మ ఆ జాతి మనిషి.

ఆ రోజు దేనికీ ఒప్పుకోని ముగ్గురు యారాళ్ళూ కొన్ని సంగతుల్లో మాత్రం ఒక్క గొంతుతో మాట్లాడారు. శనగపప్పు ముందే నానాలి. పిండి గట్టిగా ఉండకూడదు, జారకూడదు. తట్టాక వేలితో చిల్లులు పెట్టి ఒక్కో చిల్లులో నూనె చుక్క వదలాలి, లేకపోతే అడుగు పట్టేస్తుంది. మూత పెట్టి సన్నని సెగ మీద ఓపిగ్గా ఉంచాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఒకటి తీసిన వెంటనే ఆ వేడి గిన్నెలో రెండోది తట్టబోతే చెయ్యి కాలుతుంది, పిండి అంటదు. గిన్నెను బోర్లించి వెనక నీళ్ళు పోసి చల్లార్చాలి, లేదా రెండు గిన్నెలు పెట్టుకోవాలి. ఈ మాట దగ్గరికి వచ్చేసరికి ముగ్గురూ తమ చేతుల మీది పాత మచ్చలు చూపించుకుని నవ్వుకున్నారు.

అంటే మనం ఒక ప్రశ్న అడుగుతున్నామనుకుంటూ రెండు ప్రశ్నలు అడుగుతున్నామన్నమాట. "బాగా చేశారా?" అనేది మొదటిది. దానికి జవాబు ఉంది, చేతులు కాల్చుకున్న వాళ్ళందరూ ఇంచుమించు ఒకే జవాబు చెబుతారు. "ఎవరిది గొప్ప?" అనేది రెండోది. ఇది రుచికి సంబంధించిన ప్రశ్నలా కనిపిస్తుంది గానీ కాదు. ఇందులో వంశం ఉంది, హక్కు ఉంది, పరువు ఉంది.

ఈ రెండో ప్రశ్న కోసం లోకం పడిన పాట్లు తక్కువా? నేపుల్స్‌లో 1984లో అసలైన పిజ్జాను కాపాడడానికి ఒక సంఘమే పెట్టారు. కట్టెల పొయ్యిలో 60 నుంచి 90 సెకన్లు మాత్రమే కాల్చాలని నియమం పెట్టుకున్నారు. 2010లో యూరోపియన్ యూనియన్ ఆ పద్ధతికి సంప్రదాయ వంటకంగా గుర్తింపు ఇచ్చి, వెడల్పు 35 సెంటీమీటర్లు దాటకూడదన్న కొలతతో సహా రాసుకుంది. 2017లో ఆ పిజ్జా చేసే విద్యను యునెస్కో మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది. మన దేశంలో రసగుల్లా కోసం బెంగాలుకూ ఒడిశాకూ ఏళ్ళ తరబడి తగువు నడిచింది. చివరకు 2017లో బెంగాల్ రసగుల్లాకు ఒక భౌగోళిక గుర్తింపు, 2019లో ఒడిశా రసగుల్లాకు ఇంకొకటి ఇచ్చారు. అన్నదమ్ముల మధ్య గోడ కట్టిన పెద్దమనిషి తీర్పు అది. ఇద్దరి పరువూ నిలిచింది. ఎవరిది గొప్ప అన్నది అలాగే ఉండిపోయింది.

పోనీ వంశం చూద్దామంటే, వంశవృక్షం ఎక్కినకొద్దీ చిక్కులే. నేపుల్స్ పిజ్జా మీద ఎర్రగా మెరిసే టమాటా ఇటలీది కాదు. అమెరికా ఖండాల నుంచి 16వ శతాబ్దంలో యూరపుకు చేరింది. అనాసపండు ముక్కలు వేసే హవాయి పిజ్జాకూ హవాయి దీవులకూ సంబంధం లేదు. 1962లో కెనడాలో హోటలు నడిపిన శామ్ పానోపౌలోస్ అనే గ్రీకు దేశస్థుడు దాన్ని మొదలుపెట్టాడు. అది చూసి ముక్కు విరిచేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఐస్లాండు అధ్యక్షుడు 2017లో, తనకు అధికారముంటే పిజ్జా మీద అనాసను నిషేధించేవాడినని బడిపిల్లలతో సరదాగా అంటే, అది ప్రపంచమంతా వార్త అయి కూర్చుంది.

మరి మన సర్వపిండి? కారం లేని సర్వపిండి ఉందా, పల్లీలు లేని సర్వపిండి ఉందా? ఆ మిరపకాయ, ఆ పల్లీ రెండూ అమెరికా ఖండాలలో పుట్టినవే. మిరపను పోర్చుగీసు వాళ్ళు ఓడల్లో తెచ్చారు. 13వ శతాబ్దంలో ఓరుగల్లును ఏలిన రుద్రమదేవి ఈ రెండింటినీ కంటితో కూడా చూసి ఉండదు. ఓరుగల్లు మహారాణికే తెలియని సర్వపిండిని అనాదిగా మాదని మనం ఎట్లా అంటాం? అయినా అది మనది కాదని ఎవరైనా అంటే ఒప్పుకుంటామా? ఒప్పుకోం. ఎవరో తెచ్చిన విత్తనాన్ని మన నేలలో పెంచి, మన రోట్లో నూరి, మన పిల్లలకు పెట్టుకున్నాం. 2025లో వరంగల్ చపాటా మిరపకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వలస వచ్చిన కోడలు ఇంటి పెద్దదిక్కయినట్టు!

ఇంక జిల్లాల సంగతి. మా యారాళ్ళు ముగ్గురూ మా జిల్లా పద్ధతి, మా జిల్లా పద్ధతి అని వాదించుకున్నారు. 2016 అక్టోబరు 11కు ముందు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ ఒకే వరంగల్ జిల్లా. ఆ రోజున పాత జిల్లాను విడదీసి, చుట్టుపక్కల మండలాలను కూడా కలిపి కొత్త జిల్లాలు చేశారు. గార్ల, బయ్యారం వాళ్ళు ఖమ్మం జిల్లాలో పడుకుని మహబూబాబాద్ జిల్లాలో నిద్రలేచారు. మహదేవపూర్, కాటారం వాళ్ళు కరీంనగర్ జిల్లా గిన్నప్ప తిని పడుకుంటే, తెల్లవారేసరికి అది భూపాలపల్లి జిల్లా గిన్నప్ప అయింది. గీత కాగితం మీద పడింది గానీ పొయ్యి మీద పడలేదు కదా!

ఇవన్నీ అటుంచి, ఆ రోజు నాకు తట్టిన అసలు సంగతి వేరు. మీరు పుట్టింది ఎక్కడ అని ముగ్గురినీ అడిగాను. జనగామ పక్షాన అంత గట్టిగా నిలబడ్డావిడ సూర్యాపేట ఆడపడుచు. ఆవిడకు తపాలచెక్క నేర్పిన అత్తగారిది హుజూరాబాద్. భూపాలపల్లి ఆవిడ పుట్టిల్లు మంచిర్యాల. మహబూబాబాద్ ఆవిడ సిద్దిపేట వైపు నుంచి వచ్చింది. మన దగ్గర ఊళ్ళో ఉండిపోయేది మగవాళ్ళు, ఊరు మారేది ఆడవాళ్ళు, వంట చేసేదీ ఆడవాళ్ళే. అలాంటప్పుడు ఏ ఊరి రుచి అయినా ఆ ఊళ్ళో పుట్టని వాళ్ళ చేతుల్లోనే నిలబడుతోంది. మా ఊరి రుచి అని మీసం మెలేసే ప్రతి మగవాడూ తింటున్నది ఏదో ఒక పొరుగూరి పిల్ల చేతి వంట. మూడు తరాలు వెనక్కి వెళితే జనగామ సర్వపిండిలో జనగామ ఎంతో, మిగతా ఊళ్ళు ఎన్నో!

అందుకే ఈ వాదన ఎప్పుడూ సరదాగానే ఉండదు. సిద్దిపేట వైపు నుంచి వచ్చిన మా యారాలు తరువాత నాతో ఒక మాట చెప్పింది. వాళ్ళమ్మ బియ్యప్పిండిలో జొన్నపిండి కలిపి సర్వపిండి చేసేదట. పెళ్ళయిన కొత్తలో ఈవిడ అత్తవారింట్లో అలాగే చేసి పెట్టింది. మామగారు ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని పళ్ళెం పక్కకు జరిపి, "జొన్న కలిపింది మన ఇంట్ల తినరు" అన్నాడట. కోప్పడలేదు, తిట్టలేదు. ఆ తరువాత ముప్ఫై ఏళ్ళలో ఆవిడ ఒక్కసారి కూడా జొన్న కలపలేదు. వాళ్ళమ్మ పోయింది. "ఇప్పుడు చేద్దామనుకున్నా పాలు ఎంతో, నీళ్ళు ఎన్నో యాదికి వస్తలేదు వదినా. ఒకపారి చేసి చూసిన, గది అమ్మ చేసినట్టు రాలేదు" అంది. ఇప్పుడు ఆ ఇంట్లోనే మనవలు జొన్నపిండి ఆరోగ్యమని పట్నం దుకాణాల్లో ఎక్కువ ధర పెట్టి కొనుక్కొస్తున్నారు. పిండి తిరిగొచ్చింది. దాన్ని కలిపే చెయ్యి తిరిగి రాలేదు.

ఇంగ్లీషుకూ, హిందీకీ లేని ఒక సదుపాయం తెలుగుకు ఉంది. మేము వేరు, మనం వేరు. "మా సర్వపిండి" అంటే ఎదుటివాణ్ణి గడప అవతల నిలబెట్టినట్టు. "మన సర్వపిండి" అంటే పీట వేసి కూర్చోబెట్టినట్టు. ఆ మామగారు "మన ఇంట్ల" అన్నాడు నిజమే. ఆ "మన" లోపల కోడలికి చోటుంది, కోడలి తల్లికి లేదు. ఊరికే నోటికొచ్చే మాటల్లో ఎవరిని లోపల పెడుతున్నామో, ఎవరిని బయట పెడుతున్నామో చూసుకోవడం కూడా ధర్మం కిందికే వస్తుందని నాకనిపిస్తుంది.

అయితే ఊరి అభిమానం తప్పా, అని మీరు అడగవచ్చు. కాదనే అంటాను. 1996లో పెద్ద కంపెనీల పిజ్జా దుకాణాలు మన దేశానికి వచ్చాయి. ఏ పట్నంలో చూసినా అదే పెట్టె, అదే కొలత, అదే రుచి. అలాంటివాటి ఎదుట నిలబడి, మాకూ ఒక రుచి ఉంది, దానికొక పేరుంది, దానికి మా గిన్నె చాలు అని చెప్పుకోవడం ఆత్మగౌరవం. పట్నంలో చదువుకునే పిల్ల తన డబ్బాలో సర్వపిండి ఉందని దాచుకోకుండా మూత తీయగలగాలంటే ఆ గర్వం కావాలి. కానీ అదే మాట కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లతో అంటే అది దబాయింపు. వాక్యం ఒక్కటే. మనకన్నా పెద్దవాడితో అన్నామా, నోరెత్తలేని దానితో అన్నామా అన్నదాన్ని బట్టి దాని మంచిచెడ్డలు మారిపోతాయి.

ఇంతకీ మంచి సర్వపిండి ఎక్కడ దొరుకుతుందయ్యా అంటే, నా మటుకు నేను ఊరి పేరు చెప్పను. తీర్పు చెప్పేవాళ్ళు మామూలుగా మొదటి వాయి తింటారు, వేడివేడిది. చేసిన ఆవిడకు మిగిలేది ఆఖరిది. అప్పటికి నూనె అడుగంటి ఉంటుంది, పిండిలో పల్లీలు అయిపోయి ఉంటాయి, గిన్నె సరిగా చల్లారక ఒక పక్క మాడి ఉంటుంది. రుచి గురించి ఆవిడను ఎవరూ అడగరు కూడా. కాబట్టి ఈసారి మీ ఇంట్లో సర్వపిండి చేసినప్పుడు మొదటి వాయి పొయ్యి దగ్గర ఉన్న మనిషికి పెట్టి చూడండి. రెండో వాయి తట్టే పని కాసేపు మీరు తీసుకోండి, చెయ్యి జాగ్రత్త. మీ అమ్మ ఎట్లా చేసేదమ్మా, ఏమేం కలిపేది, అని అడగండి. ఆవిడ చెప్పింది ఒక కాగితం మీద రాసుకోండి, పాళ్ళతో సహా. వచ్చే ఆదివారం అలాగే చేయించకండి, మీరే చేయండి. బాగుంటే బాగుందని చెప్పండి, మా ఊళ్ళో ఇంకా బాగుంటుందని మాత్రం తోక తగిలించకండి.

వాదించుకోవాలని అంతగా ఉబలాటంగా ఉంటే, బిర్యానీ ఎలాగూ ఉండనే ఉంది!